‘అన్నారు’కూ ‘ఆరోపించారు’కూ మధ్య: ఒక పత్రిక ఎన్నికల వార్తల పరిశీలన

పత్రికాఫీసుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: “రెండు పార్టీలవాళ్లూ మనల్నే తిడుతున్నారంటే మనం సరైన దారిలో ఉన్నట్టే.” విలేకరులు పంపిన వార్తలను దిద్ది పేజీకెక్కించే డెస్క్‌లో పనిచేసినన్నాళ్లూ నేనూ ఆ మాట నమ్మాను, కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లకు చెప్పాను. తర్వాత పాఠకుల ఫిర్యాదులు చూసే బాధ్యత నాకు అప్పగించారు. ఒక ఎన్నికల సమయంలో మా పత్రిక రాజకీయ వార్తల మీద వచ్చిన ఫిర్యాదులు దొంతరగా పేరుకున్నాయి. వాటిని పక్కన పెట్టేసే బదులు, వార్తలనే ముందేసుకుని లెక్కగట్టి చూద్దామని ఎడిటర్ అన్నారు. ఆ పని ఎలా చేశామో, ఎక్కడ పొరబడ్డామో, చివరికి ఏం తేలిందో రాస్తున్నాను. పత్రిక పేరు, పార్టీల పేర్లు చెప్పడం లేదు. అప్పుడు అధికారంలో ఉన్న పార్టీని ‘క’ అనీ, ప్రతిపక్షాన్ని ‘చ’ అనీ అంటాను.

ముందు ఆ మొదటి మాట సంగతి తేల్చుకోవాలి. 1985లో వాలోన్, రాస్, లెపర్ అనే పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత గురించి అమెరికా టీవీల్లో వచ్చిన వార్తలను ఇజ్రాయెల్ పక్షం వహించే విద్యార్థులకూ, అరబ్బుల పక్షం వహించే విద్యార్థులకూ చూపించారు. అందరూ చూసింది అవే వార్తలు. అయినా ఇరువర్గాలూ అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయనే అన్నాయి. విషయం గురించి ఎక్కువ తెలిసినవాళ్లు ఇంకా గట్టిగా అన్నారు. అంటే గట్టి అభిమానం ఉన్న పాఠకుడికి తటస్థమైన వార్త కూడా శత్రువులాగే కనిపిస్తుంది. దీన్ని విలేకరులు తమకు ఊరటగా తీసుకుంటారు. నాకు మాత్రం అది హెచ్చరికలా వినిపించింది. వార్త ఒక పక్కకు ఒరిగినా ఫిర్యాదులు రెండు వైపుల నుంచీ రావచ్చు. కాబట్టి రెండు వైపులా తిట్లు పడటం మన నిజాయితీకి రుజువు కాదు. ఫిర్యాదుల దొంతర ఎంత ఎత్తున్నా అందులో వార్త గురించిన సమాచారం దాదాపు ఉండదు. తెలియాలంటే వార్తనే చదవాలి.

దేనితో పోల్చాలి?

మొగ్గు ఉందా లేదా అని అడగ్గానే ఎదురయ్యే చిక్కు ఇదే. ప్రభుత్వంలో ఉన్నవాళ్ల గురించి విమర్శనాత్మక వార్తలు ఎక్కువ రావడం సహజం. పనులు చేసేదీ చెడగొట్టేదీ వాళ్లే కదా. ‘క’ పార్టీవాళ్లు మాకు పంపిన ఫిర్యాదుల్లో సగానికి పైగా “మా మీద వ్యతిరేక వార్తలు ఇన్ని, వాళ్ల మీద అన్ని” అనే లెక్కలే. ఆ లెక్క సరైనదే కావచ్చు, కానీ దానివల్ల ఏమీ తేలదు. ఆటలో ఒక జట్టుకు ఎక్కువ ఫౌళ్లు ఇచ్చినంత మాత్రాన రిఫరీ పక్షపాతి అయిపోడు.

ఈ చిక్కుకు పాత కాలపు జవాబు ఒకటుంది. అమెరికన్ పాత్రికేయులు వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ 1920 ఆగస్టులో ‘న్యూ రిపబ్లిక్’ పత్రికలో ఒక పరిశీలన అచ్చువేశారు. రష్యా విప్లవం గురించి ‘న్యూయార్క్ టైమ్స్’ మూడేళ్లపాటు రాసిన మూడు వేలకు పైగా వార్తలను తీసుకున్నారు. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అనే జోలికి వెళ్లలేదు. తర్వాత ఎవరూ కాదనలేని విధంగా రుజువైన సంఘటనలను మాత్రమే కొలబద్దగా పెట్టుకున్నారు. విప్లవంతో అధికారంలోకి వచ్చిన బోల్షివిక్ ప్రభుత్వం కూలలేదన్నది అలాంటి ఒక నిజం. కానీ ఆ పత్రిక రెండేళ్ల కాలంలో 91 సార్లు ఆ ప్రభుత్వం కూలబోతోందనో, కూలిపోయిందనో రాసింది. నూరేళ్ల కిందటి ఆ పద్ధతి నాకు ఇప్పటికీ అన్నిటికంటే శుభ్రంగా కనిపిస్తుంది.

మేమూ అదే దారి పట్టాం. పోలింగుకు ముందు ఎనిమిది వారాల రాజకీయ వార్తలు తీసుకున్నాం. అందులో నిజమో కాదో తర్వాత తేలిపోయిన ప్రకటనలున్న వార్తలను ఒక గుట్టగా వేరుచేశాం. పనులు పూర్తయ్యాయన్నవి, ఫలానా తేదీకి ఫలానా జీవో వస్తుందన్నవి, నిధులు రాలేదన్నవి అలాంటివే. ఏ ప్రకటన నిలబడిందో, ఏది వీగిపోయిందో తెలుసు కాబట్టి, వాటిని అచ్చువేసిన రోజు మనం ఎంత నమ్మకంగా, ఎంత అనుమానంగా రాశామో పోల్చవచ్చు.

ముగ్గురం చదివాం. వార్తల్లో పార్టీల పేర్లూ నాయకుల పేర్లూ నల్లగా కొట్టేసి కాపీలు తీశాం. ఇది పూర్తిగా పనిచేయదు. రాజకీయాలు తెలిసినవాడికి వాక్యం నడకను బట్టే ఎవరిదో అర్థమైపోతుంది. అయినా పేరు కంటికి కనబడనప్పుడు చెయ్యి కొంత నెమ్మదిస్తుంది. ఒక్కో వార్తకు రాసుకున్నవి ఇవి: ఏ పేజీ, ఎన్ని కాలమ్‌లు, ఫొటో ఉందా, హెడ్డింగ్‌లో క్రియ ఏమిటి, ఎవరి మాట ముందు వచ్చింది, అవతలివాళ్ల వివరణ ఉందా, ఉంటే ఎన్నో పేరాలో.

ముగ్గురి మధ్య పొంతన ఎంతో చూడటానికి క్రిపెండార్ఫ్ ఆల్ఫా అనే కొలత వాడాం. యాదృచ్ఛికంగా కుదిరే ఏకాభిప్రాయాన్ని అది తీసేసి లెక్కిస్తుంది. 0.8 దాటితే నమ్మవచ్చు, 0.667 కంటే తగ్గితే ఆ లెక్కతో నిర్ణయాలు చేయకూడదని సాధారణంగా పాటించే నియమం. కాలమ్‌లు, ఫొటోలు, పేరాల విషయంలో మాకు ఇబ్బంది లేదు. క్రియల దగ్గర మొదటి విడతలో ఆ కింది గీత కూడా దాటలేదు. ముగ్గురం ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా చదువుతున్నామన్నమాట. అసలు విషయం అక్కడే ఉందని నాకు అప్పుడే అనిపించింది.

క్రియల దగ్గర

తెలుగు వార్తలో ‘మాట్లాడటం’ అనే పనికి ఉన్నన్ని క్రియలు మరే పనికీ లేవేమో. అన్నారు, చెప్పారు, తెలిపారు, పేర్కొన్నారు. వీటిలో రాసినవాడి అభిప్రాయం కనిపించదు. వెల్లడించారు, స్పష్టం చేశారు, గుర్తుచేశారు, తేల్చిచెప్పారు. ఇవి చెప్పిన మాట నిజమేనని పత్రిక వేసే ముద్రలు. జరగనిదాన్ని ఎవరూ ‘గుర్తుచేయ’లేరు. ఇక మూడో రకం: ఆరోపించారు, మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు, ఎద్దేవా చేశారు, అక్కసు వెళ్లగక్కారు. ఇక్కడ మాట పక్కకు పోయి మనిషి కోపం ముందుకొస్తుంది. పాఠకుడు ఆ మాట నిజమా కాదా అని ఆలోచించేలోపే ఆ మనిషి ఆవేశంలో ఉన్నాడని తేల్చేసుకుంటాడు.

‘ఆరోపించారు’ దగ్గర మా ముగ్గురికీ పెద్ద వాదన నడిచింది. రుజువు కాని నేరాన్ని ఒకరి మీద మోపినప్పుడు ఆ మాటే సరైనది, అక్కడ ‘వెల్లడించారు’ అని రాయడమే తప్పు. చివరికి ఒక పరీక్ష పెట్టుకున్నాం. వాక్యం అలాగే ఉంచి మాట్లాడిన మనిషిని మార్చు. అవతలి పార్టీ నేత అదే మాట, అదే ఆధారంతో చెప్పి ఉంటే డెస్క్ ఇదే క్రియ వేసేదా? వేసేది కాదనిపిస్తే గుర్తు పెట్టు. ఈ పరీక్షతో రెండో విడతలో పొంతన కుదిరింది.

ఒక వార్త దగ్గరగా చూపిస్తాను. విలేకరి పంపిన కాపీ ఇది: “సాగునీటి కాలువ పనులు సగం కూడా పూర్తి కాలేదని ‘చ’ పార్టీ నేత అన్నారు. పనుల పురోగతి నివేదికలోని పేజీని విలేకరులకు చూపించారు.” అచ్చయింది ఇలా: హెడ్డింగ్ “కాలువ పనులపై అక్కసు”, కింద “పనులు సగం కూడా కాలేదంటూ విరుచుకుపడ్డారు.” నివేదిక పేజీ గురించిన వాక్యం లేదు. అదే పేజీలో, పక్క కాలమ్‌లోనే, ‘క’ పార్టీ మంత్రి పనులు చివరి దశకు వచ్చాయని ‘స్పష్టం చేశారు’. విలేకరి కాపీలో ఆయన ‘చెప్పారు’. ఆ పనులు అప్పటికి సగం కూడా కాలేదని తర్వాత అధికారిక లెక్కల్లోనే తేలింది. ఆధారం చూపించినాయన అక్కసు వెళ్లగక్కినట్టూ, ఆధారం లేకుండా చెప్పినాయన స్పష్టం చేసినట్టూ మేం అచ్చువేశాం. రెండు వార్తల్లోనూ మేం కల్పించిన అబద్ధం ఒక్కటీ లేదు.

ఆ పేజీ చూసిన సబ్ ఎడిటర్‌తో కూర్చున్నాను. దాపరికం లేని మనిషి, పనిమంతుడు. “సార్, ‘అన్నారు’ పక్కనే మళ్లీ ‘అన్నారు’ వేస్తే వార్త చప్పగా ఉంటుందని మీరే కదా నేర్పారు” అన్నాడు. నిజమే, నేర్పాను. “మరి ఆయనకు ‘విరుచుకుపడ్డారు’, ఈయనకు ‘స్పష్టం చేశారు’ ఎందుకొచ్చింది?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “ప్రతిపక్షంవాళ్లు మాట్లాడే తీరే అంత కదా సార్, మంత్రిగారు కాగితం చూసి చదువుతారు” అన్నాడు. ఆ రోజు ప్రెస్ మీట్‌లో కాగితం చూపించింది ప్రతిపక్ష నేతే. కానీ ఎవరు ఎలా మాట్లాడతారన్న బొమ్మ అతని మనసులో వార్త రాకముందే గీసి ఉంది. దురుద్దేశం ఉంటే పట్టుకోవడం తేలిక. ఇది చేతికి అలవాటై వచ్చేసింది.

ఇంకొకటి కూడా కంటబడింది. మా పరిశీలనకు సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. నాయకులందరూ, ఏ పార్టీవాళ్లైనా, ‘అన్నారు’. అదే వార్తలో ఆ కాలువ నీళ్లు అందక పంట ఎండిపోయిన రైతు ‘అన్నాడు’. దీని మీద మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

వివరణ పేరా ఎక్కడికి పోతుంది?

రెండో విషయం యాంత్రికమైనది. ప్రభుత్వం తరఫు ప్రకటన మధ్యాహ్నానికే ప్రెస్ నోట్‌గా, ఫొటోతో సహా డెస్క్‌కు చేరుతుంది. దాని మీద ప్రతిపక్షం స్పందన సాయంత్రం పొద్దుపోయాక వస్తుంది. వచ్చినదాన్ని వార్త చివర అతికిస్తాం. రాత్రి పేజీ కట్టేటప్పుడు వ్యాపార ప్రకటన ఒకటి వచ్చి పడితే వార్తను కిందనుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన, తక్కువైనది కింద అనే నిర్మాణం అందుకు వీలుగానే ఉంటుంది. అలా కోసిన ప్రతిసారీ పోయేది అవతలివాళ్ల వివరణే. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. కానీ ఎనిమిది వారాలు కలిపి చూస్తే ఆ కత్తెర ఎక్కువగా ఒకవైపే పడింది. రాజకీయ వార్తల్లో అభిప్రాయాల పరిధి ప్రభుత్వ వర్గాల్లో నడిచే చర్చ పరిధికే కుదించుకుపోతుందని అమెరికన్ పరిశోధకుడు లాన్స్ బెనెట్ 1990లో రాశారు. ఆ సిద్ధాంతానికి మా రాత్రి షిఫ్టు ఎంత దగ్గరగా ఉందో పేజీలు చూశాక అర్థమైంది.

సంపాదకీయాల పేజీ కూడా చూశాం. అక్కడ మొగ్గు బాహాటంగానే ఉంది. అది అభిప్రాయమని పాఠకుడికి తెలుసు కాబట్టి దాని మీద నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

అచ్చుకాని వార్తలు

అచ్చయినవాటిని ఎంత లెక్కపెట్టినా అచ్చుకానివి అందులో కనబడవు. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ మానింగ్ వైట్ 1949 ఫిబ్రవరిలో ఒక వారంపాటు ఒక చిన్న నగరం పత్రికలో వార్తా ఏజెన్సీలు పంపే వార్తలు చూసే ఎడిటర్‌ను గమనించి, ఆ ఫలితాలను 1950లో ప్రచురించాడు. వచ్చినవాటిలో పదింట తొమ్మిది వంతులు ఆయన తిప్పికొట్టాడు. ఎందుకు వేయలేదో ప్రతిదాని మీదా రాయమంటే, స్థలం లేదన్నవి చాలా ఉన్నా, సొంత ఇష్టాయిష్టాలు తేటగా కనబడేవీ ఉన్నాయి. ఆ వ్యాసం చదివాక నేను మా డెస్క్‌లో ఆపేసిన వార్తలుండే ‘హోల్డ్’ ఫోల్డర్ తెరిపించాను.

అందులో ఒక వార్త మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఆగిపోయి ఉంది. ప్రభుత్వ ఖర్చుల ఆడిట్‌లో బయటపడిన అంశం, పత్రాలతో సహా ఉంది. ఎవరు ఆపారని అడిగాను. పైనుంచి ఫోన్ వచ్చిందేమోనని నా అనుమానం. ఎవరూ ఫోన్ చేయలేదు. యాజమాన్యం వైపు నుంచి ఒక్క ముక్క రాలేదు. డెస్క్ ఇన్‌చార్జ్ తనంతట తానే ఆపాడు. “రేపు పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలి సార్?” అన్నాడు. లిప్‌మన్, మెర్జ్ 1920లో రాసిన మాట గుర్తొచ్చింది: విలేకరుల, ఎడిటర్ల మనసుల్లో ఉన్న ఆశా భయాలే అందరికంటే పెద్ద సెన్సారు.

ఇక్కడ ఒక పరిశోధన గురించి చెప్పాలి, ఎందుకంటే యాజమాన్యాలు దాన్ని తమకు అనుకూలంగా చెప్పుకుంటాయి. 2010లో గెంట్‌స్కో, షపీరో అనే ఆర్థికవేత్తలు అమెరికా దినపత్రికల భాషను అక్కడి చట్టసభ సభ్యుల భాషతో పోల్చారు. వారసత్వ ఆస్తి మీద పన్నును ఒక పార్టీవాళ్లు ‘ఎస్టేట్ పన్ను’ అంటే, రెండోవాళ్లు ‘చావు పన్ను’ అనేవారు. ఏ పత్రిక ఎవరి మాట వాడుతోందో చూస్తే, ఆ మొగ్గు యజమానిని బట్టి కంటే పాఠకులను బట్టే ఎక్కువగా మారుతోందని తేలింది. ఇది నమ్మదగ్గ పనే. కానీ ఆగిపోయిన మా ఆడిట్ వార్తను ఆపింది పాఠకుల అభిరుచి కాదు. ఫోన్ రాకపోయినా, వస్తుందేమోనన్న భయం ఉన్నచోట యాజమాన్యం చెయ్యి లేదని నేను అనలేను.

నా మొదటి నివేదికలో తప్పు

ఇవన్నీ కలిపి నేను ఎడిటర్‌కు నివేదిక ఇచ్చాను. మన డెస్క్ ‘క’ పార్టీ వైపు మొగ్గిందని అందులో రాశాను. లెక్కలన్నీ అదే చెబుతున్నాయి. డెస్క్‌లో చాలామంది నొచ్చుకున్నారు. ఇరవై ఏళ్లుగా తెలిసిన ఒక సీనియర్ సబ్ ఎడిటర్ నాతో మాట్లాడటం మానేశాడు. అతను ఏ పార్టీకీ ఓటు వేయని మనిషని నాకు తర్వాత తెలిసింది.

ఎన్నికల్లో ‘క’ ఓడిపోయింది, ‘చ’ అధికారంలోకి వచ్చింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎనిమిది వారాల వార్తలు తీసుకుని అదే పద్ధతిలో, అవే పరీక్షలతో చదివాం. క్రియలు తిరగబడ్డాయి. నిన్నటిదాకా విరుచుకుపడిన నేత ఇప్పుడు ‘స్పష్టం చేస్తున్నారు’. నిన్న స్పష్టం చేసిన మాజీ మంత్రి ఇప్పుడు ‘అక్కసు వెళ్లగక్కుతున్నారు’. వివరణ పేరా మీద కత్తెర కూడా ఇటు తిరిగింది. రాసింది ఆ సబ్ ఎడిటర్లే. కాలువ వార్త చూసిన అబ్బాయి కూడా వాళ్లలో ఉన్నాడు.

మా మొగ్గు పార్టీ వైపు కాదు, కుర్చీ వైపు. ఒక్క విడత నమూనా తీసుకుని దాన్ని పార్టీ పేరుతో ముడిపెట్టడం నా తప్పు. అధికారం చేతులు మారితే తప్ప పార్టీ ప్రభావాన్నీ పదవి ప్రభావాన్నీ విడదీసి చూడలేమన్న సంగతి ముందే ఆలోచించాల్సింది. మొదటి నివేదికను సవరిస్తూ రాతపూర్వకంగా రెండోది ఇచ్చాను, డెస్క్‌లో అందరి ముందూ చదివాను. ఆ సీనియర్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇటువంటి పని చేపట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే: అధికార మార్పిడికి ముందూ తర్వాతా నమూనాలు లేకపోతే ‘ఫలానా పార్టీ పత్రిక’ అనే మాట నోటి నుంచి రానివ్వకండి.

ఈ లోపు ఫిర్యాదుల దొంతర కూడా తిరగబడింది. ‘చ’ అభిమానులు దాదాపు ఆపేశారు, ‘క’ అభిమానులు రెట్టింపు చేశారు.

చేసినవి, చెడినవి

మొదటి నివేదిక తర్వాత ఎడిటర్ రెండు పార్టీలకూ పేజీలో చోటు, అంటే కాలమ్ సెంటీమీటర్లు, సమానంగా ఇవ్వాలని ఆదేశించారు. నేనూ ఒప్పుకున్నాను. కొన్ని వారాల్లోనే పేజీలు పాడయ్యాయి. పత్రాలున్న మాట పక్కన ఏ ఆధారమూ లేని మాట అదే సైజులో నిలబడింది. వాతావరణ మార్పు వార్తల్లో ఈ తప్పే జరిగిందని మాక్స్‌వెల్ బాయ్‌కాఫ్, జూల్స్ బాయ్‌కాఫ్ అనే పరిశోధకులు 2004లో చూపించారు. 1988 నుంచి 2002 వరకు నాలుగు పెద్ద అమెరికన్ పత్రికల్లో వచ్చిన 636 వార్తల నమూనాలో దాదాపు 53 శాతం, భూతాపానికి మనుషులు కారణమన్న వాదననూ, సహజ మార్పులే కారణమన్న వాదననూ సమాన బరువుతో ఇచ్చాయి. శాస్త్రజ్ఞుల్లో అలాంటి సమానత ఏమీ లేదు. స్కేలు పెట్టి కొలిచే సమానత్వం సోమరితనానికి మారుపేరు. ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నాం.

నిలిచినవి మూడు. మాట్లాడే క్రియలకు ఒక కాగితం తయారుచేసి ప్రతి టేబుల్ మీదా అతికించాం. మామూలుగా ‘అన్నారు’, ‘చెప్పారు’. పత్రం బయటపెడితేనే ‘వెల్లడించారు’. నేరం మోపితేనే ‘ఆరోపించారు’, దానికి ఆధారం ఏమిటో అదే వాక్యంలో. కోపం ప్రదర్శిస్తే ఏం చేశారో రాయాలి, బల్ల గుద్దారా, లేచి వెళ్లిపోయారా అని. మొదట్లో వార్తలు చప్పబడ్డాయని గొణిగారు. నెలన్నర గడిచాక ఆ గొణుగుడు తగ్గింది, ఎందుకంటే క్రియ మీద ఆధారపడలేక ఇంట్రోకు, అంటే మొదటి పేరాకు, విషయం వెతకడం మొదలుపెట్టారు. రెండోది, వివరణను మూడో పేరా దాటనివ్వకూడదు. అప్పుడు కింద కోసినా అది పోదు. వివరణ ఇంకా రాకపోతే ‘ఇన్ని గంటలకు అడిగాం’ అని ఆ మూడో పేరాలోనే ఉండాలి. ఎన్నికల రాత్రుల్లో ఇది ఇప్పటికీ తప్పుతోంది.

మూడోది హోల్డ్ రిజిస్టర్. ఏ రాజకీయ వార్త ఆగినా ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని రాసి సంతకం పెట్టాలి. మొదటి ఆరు నెలలు కారణాల గడిలో ఒకటే మాట కనబడింది: స్థలం లేదు. వైట్ చూసిన ఎడిటర్ రాసినదే ఇక్కడా అచ్చం అలాగే. అందుకని ఆ మాటను గడిలో రాయకూడదని నిబంధన పెట్టాం. స్థలమే కారణమైతే మర్నాడు ఆ వార్త పేజీలో ఉండాలి, లేకపోతే వేరే కారణం రాయాలి. ఆ నిబంధన వచ్చిన వారంలోనే పాత ఆడిట్ వార్త నాలుగోసారి డెస్క్‌కు వచ్చింది. ఇన్‌చార్జ్ రిజిస్టర్ తెరిచి కాసేపు కూర్చున్నాడట. కారణం గడి ఖాళీగా వదిలేసి వార్తను పేజీకి పంపాడు. మూడు కాలమ్‌లలో వచ్చింది, సంబంధిత శాఖ వివరణ మూడో పేరాలో ఉంది. పైనుంచి ఫోన్ రాలేదు.